నర్సయ్య వీపు మీది బుడిపె

ఇంక మోయలేను. పసుపు బస్తాలు మోసిన వీపు నాది, బరువంటే తెలియనివాణ్ణి కాను. బస్తానైతే లారీలోకి దించి తువ్వాలతో మొహం తుడుచుకుంటే అయిపోతుంది. ఇది మాత్రం పన్నెండేళ్లయినా దిగడం లేదు. నా పేరు అడగకండి. ఆర్మూరు వాణ్ణి, మార్కెట్ యార్డులో హమాలీని. అంత చాలు.

నేను ఎదురుకాళ్లతో పుట్టానట. మా దగ్గర నడుం పట్టేస్తే అలా పుట్టినవాళ్లతో తన్నించుకుంటారు. తన్నడమంటే నిజంగా తన్నడం కాదు, బోర్లా పడుకోబెట్టి మడమతో నెమ్మదిగా నొక్కడం. పొద్దున్నే, యార్డు తెరవకముందే, ఇద్దరో ముగ్గురో తువ్వాల పరుచుకుని నా కోసం కూర్చునేవాళ్లు. కొందరికి తగ్గేది. ఎందుకు తగ్గేదో నాకు తెలియదు. తెలియకపోయినా ఎవరికీ చెడు జరగలేదు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

ఎనభైల్లో మా బావ గంగాధర్ దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. అక్కడ వెన్ను సరిచేసే ఒక అమెరికా డాక్టరు దగ్గర గదులు ఊడ్చే పని. వస్తూ వస్తూ ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చాడు, నిండా వెన్నెముక బొమ్మలే. ఆ వైద్యం ఎలా పుట్టిందో అక్కడివాళ్లు చెప్పగా విని నాకు చెప్పాడు. దాదాపు నూరేళ్ల కింద అమెరికాలో ఒకాయన మొదట అయస్కాంత వైద్యమని చేతులు పెట్టి రోగాలు నయం చేసేవాడట. ఆయన ఉన్న భవనం ఊడ్చే మనిషికి చెవులు వినపడవు. ఎప్పుడో వంగి పని చేస్తుంటే వీపులో ఏదో కలుక్కుమందనీ, అప్పటినుంచే చెవుడనీ ఆ మనిషి చెప్పాడట. ఈయన వీపు తడిమితే ఒక బుడిపె తగిలింది. వెన్నుపూస పక్కకు జరిగిందని చేత్తో ఒక్క తోపు తోశాడు. చెవులు వినపడ్డాయట! ఇక అప్పటినుంచి ఆయన చెప్పేదొక్కటే. ఒంట్లో పుట్టుకతోనే ఒక తెలివి ఉంటుంది, అది నరాల్లో పారుతుంది, పూస జరిగి నరాన్ని నొక్కితే పారకం ఆగి రోగం వస్తుంది. రోగాలన్నిటికీ దాదాపు అదే మూలం. లైసెన్సు లేదని జైల్లో పెట్టినా మాట మార్చలేదట.

"మనసొంటి ఊడ్చేటోని ఈపు మీద పుట్టింది బావా గీ వైద్యం" అని గంగాధర్ మురిసిపోయాడు. నేను ఇంకా మురిసిపోయాను. పోచంపాడు కాలువలో నీళ్లు ఆగితే పొలాలు ఎండడం చూసినవాణ్ణి, ఆ పారకం మాట ఇట్టే బుర్రకెక్కింది. ఎదురుకాళ్లవాడని నన్ను చూసి నవ్వే చదువుకున్నవాళ్ల నోరు మూయించడానికి నాకూ ఒక పుస్తకం దొరికింది. అందులో ఒక్క ముక్క చదవలేను. బొమ్మ ఉన్న పేజీ చింపి గోడకు అంటించాను. ఆయన చేత్తో తోశాడు, నేను కాలితో నొక్కుతాను, తేడా ఏముందిలే అనుకున్నాను. జనం డాక్టర్ సాబ్ అనడం మొదలుపెట్టారు. వద్దనలేదు. ఎందుకు వద్దంటాను?

నర్సయ్య నా జోడీ హమాలీ. బస్తాకు ఆ కొస అతను, ఈ కొస నేను. ఒక పసుపు సీజనులో వీపు నొప్పి అన్నాడు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతోందనీ, అన్నం సయించడం లేదనీ అన్నాడు. ఆర్మూరు దవాఖానలో చూసి, నిజామాబాద్ పోయి ఎక్స్‌రే తీయించుకొమ్మని చీటీ రాసిచ్చారు. ఆ చీటీ జేబులో పెట్టుకుని ముందు నా దగ్గరికే వచ్చాడు. వీపు తడిమాను. నడుమ ఒక బుడిపె. అచ్చం ఆ కథలోలాగే! నా ఒళ్లు ఝల్లుమంది, సంతోషంతో. ఛీ, ఒక మనిషి జ్వరంతో నా ముందు పడుకుంటే నాకు సంతోషమేసింది.

ఎక్స్‌రే ఎందుకు, పూస జరిగింది, మూడు పొద్దులు చాలు అన్నాను. జోడీవాడని, మిగతావాళ్లు రాకముందే చీకటితోనే రమ్మన్నాను. మొదటి రోజు నొక్కితే అరిచాడు. రెండో రోజు పాదాలు తిమ్మిరెక్కుతున్నాయన్నాడు. అక్కడ ఆగాలి కదా? ఆగాలని నాకు తెలిసింది కూడా. మడమ కింద ఎముక ఎముకలా లేదు, తడిసిన బెల్లంలా ఉంది. అయినా, పారకం మళ్లీ మొదలైనప్పుడు తిమ్మిరి ఉంటుందని నోటికొచ్చింది చెప్పాను. ఆ మాట పుస్తకంలో ఉందో లేదో ఈనాటికీ తెలియదు. మూడో రోజు నొక్కాను. లేవబోయాడు, లేవలేకపోయాడు. కాళ్లను చేతులతో తట్టి తట్టి చూసుకున్నాడు.

జీపులో నిజామాబాద్ తీసుకుపోయాను. వెన్నుకు టీబీ పట్టిందన్నారు. నర్సయ్య భార్య లచ్చవ్వ బీడీల చాట పక్కన పడేసి బస్సెక్కి వచ్చింది. పొద్దున్నే మొగుడు పనికే పోతున్నాడనుకుంది తప్ప నా దగ్గరికని ఆమెకు తెలియదు. డాక్టరు నన్ను అడిగాడు.

"దీన్ని ఎవరన్నా నొక్కిన్రా?"

"లేదు సార్. బస్తా మీద వడ్డది" అన్నాను.

డాక్టరు నర్సయ్య వైపు తిరిగాడు. "నిజమేనా?"

నర్సయ్య నన్ను చూశాడు. "అవ్ సార్, బస్తానే" అన్నాడు.

ఎందుకన్నాడు? జోడీవాణ్ణి పట్టివ్వకూడదనా? చీటీ జేబులో పెట్టుకుని నా మాట విన్నందుకు సిగ్గుపడ్డాడా? ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేకపోయాను.

మందులకు జ్వరం తగ్గింది, కాళ్లు రాలేదు. లచ్చవ్వ బీడీలు చుట్టేది, అతను గడప దగ్గర కూర్చుని ఆకు కత్తిరించేవాడు. నేను పోతే ఆమె చాయ్ పెట్టేది. "నువ్వు దవాఖానకు తీస్కపోకుంటే గీ పానం గూడ దక్కకపోవు అన్నా" అనేది. ఆ చాయ్ తాగేవాణ్ణి. తాగకపోతే అనుమానం వస్తుందని తాగేవాణ్ణి. గోడ మీది బొమ్మ చింపేశాను కానీ నొక్కడం ఇంకో రెండేళ్లు మానలేదు. ఉన్నట్టుండి మానేస్తే ఎందుకని అడుగుతారు కదా! ఇదీ నా బతుకు.

మొన్న గంగాధర్ దుబాయి పని మానేసి వచ్చాడు. ఆ చెవిటి మనిషి కథ రెండు తీరులుగా చెబుతారట. తోసినాయన చెప్పింది ఒకటి. ఊడ్చే మనిషి ఇంటివాళ్లు చెప్పింది ఇంకొకటి: ఊడ్చే మనిషి చెప్పిన ఏదో హాస్యానికి ఆయన నవ్వి, తన చేతిలోని పుస్తకంతో అతని వీపు మీద ఒక చరుపు చరిచాడట, కొన్నాళ్లకు వినికిడి కాస్త మెరుగైందట, అంతేనట. ఏది నిజమో ఎవరికి తెలుసు? గంగాధర్ పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ ఇంటివాళ్లకు చెప్పుకోవడానికి తమ తీరు ఒకటి మిగిలింది. లచ్చవ్వకు నేను అదీ మిగల్చలేదు, నా అబద్ధాన్నే ఆమె పిల్లలకు చెప్పుకుంటోంది.

నర్సయ్య పోయిన చలికాలం చనిపోయాడు. తెలిసినవాణ్ణి ఇక నేనొక్కణ్ణే. లచ్చవ్వకు చెప్పాలి. చెబుతానా? ఏమో, నా మీద నాకే నమ్మకం లేదు. మీకైతే చెబుతున్నాను. ఆ రోజు ఏ బస్తా పడలేదు. నర్సయ్య వీపు మీద పడింది నా కాలు.