రాజధాని వెంట వెళ్లనన్న భ్రమరాంబ

విశాఖ గోపాలపట్నంలో మా వీధి మెస్సు నడిపే భ్రమరాంబ గారికి చరిత్ర అంటే గిట్టదు. అత్తింటివాళ్ల చరిత్రంతా సామాన్లు సర్దుకోవడమే మరి. భర్త వీర్రాజు తాతగారు మద్రాసులో ఆఫీసు గుమాస్తాలకు భోజనాలు పెట్టేవారట. ఆంధ్ర రాష్ట్రం విడిపడి రాజధాని కర్నూలుకు వెళితే, గుండిగలతో సహా ఆయనా వెళ్లారు. తెలంగాణతో కలిసి హైదరాబాదుకు మారితే అక్కడికీ వెళ్లారు. మళ్లీ రాష్ట్రం విడిపోయాక వీర్రాజు అమరావతి దారి పట్టాడు. సచివాలయం ఎటు వెళితే పొయ్యి అటు వెళ్లాలన్నది వాళ్లింటి ఆచారం.

ప్రభుత్వం మారి, విశాఖకు రాజధాని వస్తుందన్న మాట పుట్టగానే ఆయన అందరికంటే ముందు ఇక్కడ దిగాడు. ఫ్యాన్ల కింద బల్లల మీద ‘సెక్రటేరియట్ వారికి మాత్రమే’ అని అట్టలు పెట్టాడు. వాళ్లు రాలేదు. పోర్టు, స్టీల్‌ప్లాంటు కార్మికులు గోడవారగా చెమటలు కక్కుతూ తినేవారు. ఒకసారి ఇస్త్రీ చొక్కా చూసి నన్ను ఫ్యాను కింద కూర్చోబెట్టాడు. నాది బల్బులమ్మే కొట్టు అని తెలిశాక నెయ్యి గిన్నె వెనక్కి వెళ్లిపోయింది.

మళ్లీ ప్రభుత్వం మారింది. రాజధాని అమరావతే అన్నారు. మొన్న పొద్దున వీర్రాజు లారీ తెచ్చి గుమ్మం ముందు ఆపించాడు. సామాన్లు మోయడానికి నేనూ సాయం వెళ్లాను.

“ఏటి బావా, మల్లీ ఎల్లిపోతన్నావా? ఈసారైనా రాజధాని ఎనకాల ఎల్లు, ముందెల్లకు,” అని లారీ డ్రైవరు జగ్గయ్య నవ్వాడు.

వీర్రాజు పళ్లేలన్నీ లారీ ఎక్కించి లోపలికి వెళ్లేసరికి, భ్రమరాంబ గారు కట్టెల పొయ్యి రాజేసి పెద్ద గుండిగలో ఎసరు పెట్టేశారు.

“ఏంటిది భ్రమరా? బండి బయటుంది.”

“ఉండనీండి. నేను రాను.”

“మూడు తరాల ఆచారమే!”

“ఆ ఆచారంలో మీ నాయనమ్మ ఎన్ని ఊళ్లలో పొయ్యి అలికి వదిలేసిందో ఎవరన్నా అడిగారా? రాష్ట్రం విడిపోతే సర్దాలి, కలిస్తే సర్దాలి, ఓట్లు పడితే సర్దాలి. రేపు నడిసముద్రంలో కడతామంటే పడవెక్కుతారా?”

“ఇక్కడ మనకెవరున్నారే?”

“తినేవాళ్లున్నారు. మీ అట్టలు చూస్తూ కూడా రోజూ వచ్చారు.”

ఆవిడ బల్లల మీది అట్టలన్నీ పోగేసి పొయ్యిలో పెట్టారు. ఉడుకుతున్న అన్నం గుండిగను లారీ ఎక్కించడం ఎవరి తరం? ఇంతలో షిఫ్టు దిగినవాళ్లు వచ్చారు. కాసేపు అనుమానంగా నిలబడి, ఫ్యాన్ల కింద సర్దుకున్నారు.

“పళ్లేలేవక్కా?”

“లారీలో ఉన్నాయి. మీ బావనడగండి.”

జగ్గయ్య అప్పటికే చేతులు కడుక్కుని కూర్చున్నాడు. “బేగి తే బావా, ఆకలేత్తంది.”

వీర్రాజు లుంగీ ఎగ్గట్టి లారీ ఎక్కి, పళ్లేల దొంతర నాకందించాడు.

“ఇవాళ్టికే. రేపు చూద్దాం,” అన్నాడు గొంతు తగ్గించి.

“చూద్దాం,” అన్నాను.

లోపల ఆవిడ రేపటి ఇడ్లీలకు మినప్పప్పు నానబోస్తున్నారు.