ఇస్కియాలో ఎక్కడ దిగాలి: ఫుల్ పెన్షన్, నూట నలభై మూడు మెట్లు

కార్ల్స్‌రూహెలో నేనుండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. ఈ భవనం కట్టిన కాలానికి మోకాలు అనే అవయవం ఇంకా ప్రజా వినియోగంలోకి వచ్చినట్టు లేదు. ఆగస్టులో కరీంనగర్ నుంచి బాపుతో కలిసి వచ్చిన మా అమ్మ మొదటి రోజు యాభై నాలుగు మెట్లూ ఎక్కి, తలుపు దగ్గర కాసేపు నిలబడి, ఇక కిందికి దిగే ఉద్దేశం తనకు లేదని ప్రకటించింది. ఆ తర్వాత నెల రోజులు కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, కింద పోయే ట్రాముల రాకపోకలను పర్యవేక్షించింది. ఈ పరిస్థితిని గమనించిన కింది అంతస్తు హెల్గా గారు ఒకరోజు మా తలుపు తట్టి, ఇటలీలో నేపుల్స్ ఎదురుగా ఇస్కియా అనే చిన్న దీవి ఉందనీ, అక్కడి వేడినీటి ఊటలు కీళ్ళకు మంచివనీ తెలియజేశారు. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్ళు. "నా మోకాళ్ళు ఏటా ఇస్కియా వెళ్తాయి, వాటికి తోడుగా నేనూ వెళ్తాను" అన్నారు.

ఈ మాట అమ్మకు చెప్పాను. "వేన్నీళ్ళకు గంత దూరం పోవుడెందుకు బిడ్డా, ఇంట్ల నల్లా ఇప్పితె వస్తలేవా?" అంది. మళ్ళీ తనే అడిగింది. "సముద్రమున్నదా ఆడ?"

"చుట్టూ అదే ఉంటదమ్మా."

"అయితె పోదాం."

అమ్మకు అరవై ఆరేళ్ళు. ఆమె ఇంతవరకు సముద్రంలో కాలు పెట్టలేదు. నాకు ఆరేళ్ళప్పుడు బాపు ఆఫీసువాళ్ళంతా కుటుంబాలతో విశాఖపట్నం విహారానికి వెళ్ళారు. బీచికి వెళ్ళే రోజు నాకు జ్వరం వచ్చింది. అందరూ సముద్రంలో తడిసి వచ్చేదాకా అమ్మ లాడ్జి గదిలో నా నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చుంది. ఆ జ్వరం నాది. కనుక ఈ ప్రయాణాన్ని నేను చాలాకాలంగా పెండింగులో ఉన్న ఫైలుగానే పరిగణించాను. వాళ్ళ తిరుగు ప్రయాణానికి మూడు వారాలే గడువుంది.

దీవిలో ఎక్కడ దిగాలో తేల్చడానికి వంటింటి బల్ల దగ్గర ముగ్గురు సభ్యులతో ఒక సంఘం ఏర్పడింది. కలెక్టరేటులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరైన మా బాపు, ఎవరూ ప్రతిపాదించకుండానే, అధ్యక్ష స్థానాన్ని అలంకరించారు. నా పని జర్మన్‌లో ఉన్నవన్నీ చదివి తెలుగులో సమర్పించడం. పాఠకుల సౌకర్యార్థం సంఘం పరిశీలనలోని సారాంశం ఇది. పడవ దిగే ఇస్కియా పోర్టో అన్నింటికీ దగ్గర, స్కూటర్ల మోతకు మరీ దగ్గర. పడమటి ఒడ్డున ఫోరియోలో పొడవైన ఇసుక తీరాలున్నాయి, సూర్యాస్తమయం అక్కడే అవుతుంది, జర్మన్లలో అధికభాగం అక్కడే దిగుతారు. దక్షిణాన సాంతాంజెలోలోకి వాహనాలు రావు, ఫోటోల్లో అత్యంత అందమైనది అదే, సూట్‌కేసు లాక్కుంటూ నడవాల్సింది కూడా అక్కడే. దానికి తూర్పున కొండ మీద తెస్తాచ్చో అనే పల్లె, దాని పాదాల వద్ద మరోంటి అనే బీచి.

హెల్గా గారు సూచించిన వసతి ఫోరియోలో ఉంది. రోడ్డు దాటితే ఇసుక. అక్కడ హల్బ్‌పెన్సియోన్ మాత్రమే ఉందని, అంటే ఉదయం ఫలహారం, రాత్రి భోజనం ఇస్తారని, మధ్యాహ్నం మన తిండి మనమే చూసుకోవాలని వివరిస్తున్నాను. బాపు కళ్ళద్దాలు సవరించుకుని స్క్రీన్ మీది మాటను తానే కూడబలుక్కుని చదివారు.

"హాఫ్ పెన్షనా? ఎవలికి?"

"బాపూ, అది పెన్షన్ గాదు. రెండు పూటల తిండి. మూడు పూటలుంటె ఫోల్‌పెన్సియోన్ అంటరు."

"అంటె ఫుల్ పెన్షన్."

"అట్లనుకో."

"ఫుల్ ఇచ్చేటోడు ఉండంగ హాఫ్ ఎందుకు తీసుకోవాలె? ముప్పై నాలుగేండ్లు ఒక్క మెమో లేకుంట సర్వీసు చేసిన బిడ్డా నేను."

"తిండి ముచ్చట బాపూ అది, సర్వీసు ముచ్చట గాదు."

"నాకు అర్థమైంది. అర్థమైనా గూడ సగం అనే మాట కింద నేను సంతకం పెట్ట."

అమ్మ చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ, "సూపరింటెండెంట్ సారు, సముద్రం సగమిస్తరా ఫుల్లిస్తరా, అది గూడ రాయించున్రి" అంది. ఈ అభ్యర్థన మినిట్స్‌లోకి ఎక్కలేదు.

మేము నాలుగు రోజుల కోసం వెళ్ళదలచుకున్న సెప్టెంబరు వారానికి ఫోల్‌పెన్సియోన్ ఇస్తూ ఖాళీ ఉన్న హోటల్ తెస్తాచ్చోలో ఒక్కటే కనిపించింది. మనిషికి రోజుకు ఎనభై రెండు యూరోలు, ప్రతి గదికీ సముద్రం కనిపించే బాల్కనీ. బుక్ చేసే ముందు నేను బాధ్యతాయుతంగా ఒక మెయిల్ రాశాను. మా అమ్మకు మోకాళ్ళ నొప్పి, సముద్రానికి వెళ్ళడానికి మెట్లున్నాయా అని. 'ఐన్ పార్ ష్టూఫెన్' ఉన్నాయని మర్యాదగా జవాబొచ్చింది. ష్టూఫెన్ అంటే మెట్లు. జర్మన్‌లో 'పార్'ను పెద్ద పి తో రాస్తే 'ఒక జత', చిన్న పి తో రాస్తే 'కొన్ని'. జర్మన్ భాషలో బి-వన్ సర్టిఫికెట్టును ఫ్రేము కట్టించుకున్న నేను ఆ చిన్న పి మీద దృష్టి పెట్టకుండా, మొత్తం రెండు మెట్లున్నాయని సంఘానికి సమర్పించాను. ఏకగ్రీవంగా ఆమోదించారు.

ప్రయాణం రోజు పొద్దున్నే కార్ల్స్‌రూహెలో రైలెక్కితే గంటలో ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం చేరాం. అక్కడి నుంచి నేపుల్స్‌కు రెండు గంటలు. నేపుల్స్ విమానాశ్రయం నుంచి రేవుకు నేరుగా బస్సుంది, మనిషికి ఐదు యూరోలు. రేవులో రెండు రకాల పడవలుంటాయి. వేగంగా వెళ్ళేది గంటలోపు చేరుస్తుంది, టికెట్ ఇరవై పైచిలుకు. కార్లను కూడా ఎక్కించుకునే పెద్దది గంటన్నర తీసుకుంటుంది, ధర తక్కువ. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు పెద్ద పడవే ఎక్కండి. ఊగదు, లోపలికి వెళ్ళే దారి ఏటవాలుగా ఉంటుంది, మెట్లుండవు. మేము వేగమైనది ఎక్కాం. అద్దాలన్నీ ఉప్పుతో మసకబారి ఉండడం వల్ల అమ్మ దాదాపు గంటసేపు సముద్రం మీద ప్రయాణించి కూడా సముద్రాన్ని చూడలేదు.

ఇస్కియా పోర్టోలో టాక్సీ నడిపే సాల్వతోరె గారు యవ్వనంలో పన్నెండేళ్ళు మాన్‌హైమ్‌లో పనిచేసినవారు. ఆయన జర్మన్ నా జర్మన్ కన్నా నయం. ముప్పై యూరోలకు మాట కుదిరింది. హోటల్ పేరు చెప్పగానే, "మంచిది. అక్కడి నుంచి సముద్రం బాగా కనిపిస్తుంది" అన్నారు. రెండు మలుపులు తిరిగాక మళ్ళీ, "చాలా బాగా కనిపిస్తుంది" అన్నారు. ఆ క్రియాపదాన్ని ఆయన ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నారో నాకు మరునాటికి గానీ బోధపడలేదు. ద్వారం దగ్గర ఖచ్చితంగా రెండు మెట్లే ఉన్నాయి. నా అనువాదం పట్ల నేను గర్వపడిన చివరి క్షణం అది.

మరునాడు పది గంటలకు, కొత్త రబ్బరు చెప్పులు వేసుకున్న అమ్మను తీసుకుని హోటల్ వెనుక గేటు తెరిచాం. మెట్లు కొండ అంచు వెంబడి, నిమ్మతోటల మధ్య నుంచి, మలుపు తిరిగి మాయమై, మళ్ళీ కనిపించి, సముద్రం దాకా వెళ్ళాయి. బాపు ముందుగా దిగి, లెక్కపెట్టి, చెమటతో తిరిగొచ్చి నివేదిక ఇచ్చారు. నూట నలభై మూడు. అమ్మ చేతికర్ర ఆనించుకుని పంతొమ్మిది దిగింది. ఇరవయ్యో మెట్టు దగ్గర ఆగి, కిందికి చూసి, వెనక్కి తిరిగింది. హోటల్‌లో దిగాం, సముద్రంలోకి దిగలేకపోయాం. తెలుగులో ఒకే మాట ఇన్ని పనులు చేయకుండా ఉండాల్సింది.

బస్సు మాట కూడా విచారించాను. బీచి దాకా బస్సుంది, కానీ చుట్టూ తిరిగి వెళ్తుంది, నిలబడే చోటు కూడా దొరకడం లేదు. పైగా మధ్యాహ్న భోజనం పన్నెండున్నరకు. వెళ్ళి ఇసుకలో అడుగు పెట్టేసరికే తిరుగు బస్సు కోసం లేవాలి. ఫుల్ పెన్షన్ పొందువారు పనివేళల్లో హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్ళరాదన్నట్టుగా ఉంది నిబంధన. అమ్మ బాల్కనీలో కుర్చీ వేసుకుంది. కార్ల్స్‌రూహె కిటికీకీ దీనికీ తేడా ఒక్కటే, ఇక్కడ ట్రాములు లేవు.

పన్నెండున్నరకు భోజనశాలలోకి బాపూ నేనూ వెళ్ళాం. అమ్మ ఆకలి లేదంది. టమాటా, తులసిలాంటి ఆకు వేసిన పాస్తా వచ్చింది. బాపు జేబులోంచి పల్లికారం పొట్లం తీసి రుచిని క్రమబద్ధీకరించారు. దాన్ని దూరం నుంచి గమనించిన వంటావిడ దగ్గరికి వచ్చి, చిటికెడు నోట్లో వేసుకుని, కళ్ళు తుడుచుకుని, మూడో కుర్చీ ఎందుకు ఖాళీగా ఉందని అడిగింది. అందరిలాగే ఆమెకూ జర్మన్ వచ్చు. చెప్పాను.

"ప్రతి ఏడాదీ చూస్తాను" అంది ఆమె. "ఫోల్‌పెన్సియోన్ వాళ్ళు సముద్రాన్ని పైనుంచే చూసి వెళ్ళిపోతారు. చెప్పుల్లో ఇసుకతో వచ్చేవాళ్ళంతా హల్బ్‌పెన్సియోన్ వాళ్ళే."

"ఏమంటుందామె?" అన్నారు బాపు. ఈసారి నేను ఏ పదమూ వదలకుండా, ఏదీ కలపకుండా అనువదించాను. నా 'రెండు మెట్ల' సంగతి కూడా అప్పుడే ఒప్పుకున్నాను.

బాపు పల్లికారం పొట్లం మడిచారు. "నువ్వు మాట తప్పు చదివినవు. నేను మాటే చదివిన, అడ్రసు చదవలే" అన్నారు. ఫోర్కు పక్కన పెట్టి, నేప్‌కిన్‌ను నాలుగు మడతలు పెట్టి, నేరుగా రిసెప్షన్‌కు నడిచారు. వెనకే వెళ్ళాను. అక్కడి యువతి తలెత్తింది. బాపుకు జర్మన్‌లో పలకడానికి వచ్చిన మాట ఒకే ఒకటి. కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి, స్పష్టంగా పలికారు.

"హల్బ్‌పెన్సియోన్."

మిగిలిన రోజుల మధ్యాహ్న భోజనాల డబ్బు వెనక్కి రాదని ఆ అమ్మాయి సున్నితంగా చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. "రాకపోతె రాకపోనీ. సగం పెన్షన్ కమ్యూట్ చేసి ఇడిసిపెట్టిన అని రాసుకొమ్మను" అన్నారు.

ఫోన్ చేస్తే సాల్వతోరె గారు ఇరవై నిమిషాల్లో వచ్చారు. చుట్టూ తిరిగి బీచికి పదిహేను యూరోలు. దారిలో ఆయన అద్దంలో అమ్మను చూసి రెండుసార్లు తల ఊపారు. రోడ్డు చివర చిన్న చౌకు. అక్కడి నుంచి ఇసుక మీద చెక్కపలకల దారి, చదునుగా, నీళ్ళ దగ్గరిదాకా. అమ్మ కర్ర నాకిచ్చింది. చెప్పులు బాపు చేతికిచ్చింది. కలెక్టరేటు చరిత్రలో ఎవరి చెప్పులూ పట్టుకోని ఆ అధికారి వాటిని ఫైలులా చంకలో పెట్టుకున్నారు.

మొదటి అల వచ్చి మడమలు తాకినప్పుడు అమ్మ అరిచింది. రెండోదానికి నవ్వింది. మూడోది వెనక్కి పోతుంటే కాళ్ళ కింద ఇసుక జారింది. "ఓ సారూ, గుంజుతున్నది, పట్టుకోరాదు!" అంది. బాపు బూట్లతోనే దిగారు. ఆమె వంగి వేలు ముంచి నాలుకకు తాకించుకుంది.

"ఉప్పగనే ఉన్నది."

"నేను చెప్పలేదా?" అన్నారు బాపు.

"నువ్వు నలభయ్యేండ్ల సంది శాన చెప్తున్నవ్. నా నాల్క ఇయ్యాల చెప్పింది." తర్వాత నావైపు చూసింది. "ఆ రోజు నీకు నూట రెండు జ్వరం. ఇయ్యాల జెర చల్లగున్నవ్ తియ్యి, బిడ్డా."

మిగిలిన రెండు రోజులూ పదింటికే వెళ్ళాం. మరోంటి పడమటి చివర ఇసుక అడుగునుంచి వేడెక్కుతుంది. అక్కడ తువ్వాలు పరుచుకుని అమ్మ మోకాళ్ళు చాపుకుంది. మధ్యాహ్నం రొట్టె, టమాటాలు, పల్లికారం. నొప్పి తగ్గిందా అని అడిగితే, "నొప్పి నొప్పి లెక్కనే ఉన్నది, నేనే మంచిగున్న" అంది.

ఇంటికి వచ్చాక ఆలోచించాను. కనిపించే సముద్రమూ తగిలే సముద్రమూ వేర్వేరు శాఖలకు చెందినవి. హోటళ్ళు మొదటి శాఖను మాత్రమే నిర్వహిస్తాయి, రెండోదానికి మన కాళ్ళతో మనమే దరఖాస్తు చేసుకోవాలి. మేము ఫోరియోలో దిగి ఉంటే అమ్మ మొదటి సాయంత్రమే నీళ్ళలో నిలబడేది. కానీ బాపు తన జీవితంలో ఒక సగాన్ని ఇష్టపూర్వకంగా వదులుకోవడం మేమెవరమూ చూసి ఉండేవాళ్ళం కాదు. కాబట్టి వసతి ఎంపిక తప్పని ఒప్పుకుంటూనే, దానిపై ఎలాంటి క్రమశిక్షణ చర్యా అవసరం లేదని భావిస్తున్నాను. మోకాళ్ళెలా ఉన్నాయని హెల్గా గారు మెట్ల మీద అడిగినప్పుడు అమ్మకు బదులు బాపే జవాబిచ్చారు. తనకొచ్చిన ఒకే ఒక్క జర్మన్ మాటతో. హెల్గా గారికి పూర్తిగా అర్థమైంది.

వెళ్ళదలచుకున్నవారికి ఒక్క సూచన. గది నుంచి నీళ్ళ దాకా ఎన్ని మెట్లో హోటల్‌ను అంకెల్లో రాసి పంపమనండి, అక్షరాల్లో వచ్చిన జవాబును అంగీకరించకండి. మధ్యాహ్న భోజనం కొనకండి. ఆ దీవిలో సముద్రం అన్నిటికన్నా ఖాళీగా ఉండేది పన్నెండున్నర నుంచి రెండు దాకా. ఫుల్ పెన్షన్ వారందరూ అప్పుడు పైన ఉంటారు.