బంద్ అన్న ఒక్క మాట

పటాన్‌చెరులో నేను పనిచేసిన చిన్న ఫ్యాక్టరీలో జింక్ ఆక్సైడ్ బిళ్ళలు తయారయ్యేవి. మామూలప్పుడు కరెంటును కదలనివ్వకుండా, లైను మీద పిడుగు పడితే మాత్రం ఆ దెబ్బను భూమిలోకి వదిలేసే బిళ్ళలు. మైదాకన్నా మెత్తటి పొడిని అచ్చులో నొక్కి భట్టీలో కాల్చాలి. గుణమంతా ఆ కాల్చడంలో, నెమ్మదిగా చల్లార్చడంలో ఉంది. ల్యాబ్‌లో బిళ్ళలను పరీక్షించే నాకు అది పుస్తకాల్లో చదివి తెలుసు. భట్టీ చూసే కాకా చేతికి తెలుసు.

కాకాది పక్కనే ఉన్న కర్దనూర్ ఊరు. బావి నీళ్ళు పాడై పొలం సాగులేక పడావు పడ్డాక ఫ్యాక్టరీకి వచ్చాడు. ఏళ్ళ తరబడి రోజుకూలీయే. ఈ పెద్ద బ్యాచ్ పాసయితే పర్మినెంటు చేస్తానని ఓనరు మాటిచ్చాడు.

"బిడ్డా, ఈపారి జెర మంచిగ సూడు," అన్నాడు కాకా పొద్దున్నే.

మధ్యాహ్నం భట్టీ తలుపు గొళ్ళెం వదులై సందు పడింది. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు హోరెత్తుతున్నాయి. తలుపు మూయమనే ఉద్దేశంతో ల్యాబ్ గుమ్మంలోంచే, "కాకా, భట్టీ బంద్ చెయ్!" అని అరిచి లోపలికి పోయాను. రెండడుగులు వేసి చెప్పడానికి నాకేం రోగం? మా దగ్గర తలుపు మూసినా బందే, మిషను ఆపినా బందే. గొళ్ళెం బాగుచేయడానికి ఆపమన్నాననుకుని, ఆయన మెయిన్ స్విచ్ దించేసి ఫిట్టర్ కోసం వెళ్ళాడు.

నేను బయటికి వచ్చేసరికి వేడి సగానికి పడిపోయింది. మర్నాడు తీస్తే సగం బిళ్ళలు నెర్రెలిచ్చాయి. మిగతావి పరీక్షలో మామూలు కరెంటునే ఆపలేకపోయాయి. మళ్ళీ కాల్చితే నెర్రెలు అతుకుతాయా? నేను మీటరు పట్టుకుని ఊరికే కూర్చున్నాను.

"భట్టీ ఎవరు బంద్ చెయ్యమన్నరు?" అని ఓనరు మా ఇద్దరినీ నిలబెట్టి అడిగాడు.

"నేనే సార్. తలుపు బంద్ చెయ్యమన్న."

తలుపు అన్న మాట నిన్న నేను అనలేదు. భయంతో అప్పటికప్పుడు కలిపేశాను. కాకా నా వైపు చూశాడు. అబద్ధమని ఒక్క ముక్క చెబితే చాలు.

"ఫ్యాన్ల సప్పుడుల నాకే సక్కగ ఇనరాలే సార్," అన్నాడు.

నోరు తెరవాలని ఎంత అనుకున్నానో! నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా మీటరు తీసుకుని ల్యాబ్‌లోకి పోయాను. సాయంత్రానికి ఆయన్ను పనిలోంచి తీసేశారు.

కొన్ని నెలలకు బస్టాపులో కనిపించాడు. తప్పించుకుని పోదామనుకునేలోపే పలకరించాడు.

"మళ్ల కొత్తగ కాల్సిన బిళ్ళలు మంచిగచ్చినయా, బిడ్డా?"

"వచ్చినయ్, కాకా."

"అయితే మంచిదే. ఆ తలుపు గొళ్ళెం జెర సూస్కోమని కొత్తోనికి చెప్పు. ఏం చెప్పినా దగ్గరికి పొయ్యి చెప్పు బిడ్డా, ఫ్యాన్ల సప్పుడుల ఇనరాదు."