స్కేలంటే పొలుసు

పలాస మార్కెట్లో చేపల పొలుసు గీకే వాసన తగిలితే నాకిప్పటికీ కోపమొస్తుంది.

నాలుగో తరగతిలో మాస్టారు స్కేలంటే ఏమిటని అడిగారు. "చేప పొలుసండి" అన్నాను. చేపల కంపెనీలో పనిచేసే మా అయ్య నేర్పిన మాట అది.

"గీతలు గీసేది స్కేలు. మీ చేపల గోల ఇక్కడొద్దు" అంటూ అరచేతి మీద కొట్టారు. క్లాసంతా నవ్వింది.

ఇంటికెళ్లి అయ్యతో దెబ్బలాడాను. "అబద్ధమెందుకు సెప్పినావు?"

"నానెందుకు సెప్తానమ్మా? కంపెనీలో అలాగే అంటారు."

నేను నమ్మలేదు. మాస్టారికి తెలియని ఇంగ్లీషు ఉంటుందా?

మర్నాడు మాస్టారు డిక్షనరీ తిరగేస్తూ ఒకచోట ఆగి, నావైపు చూసి, మూసేసి పాఠం మొదలెట్టారు. ఆయన ఏం చదివారో హైస్కూల్లో డిక్షనరీ కొనుక్కున్నాక తెలిసింది. రెండర్థాలూ ఉన్నాయి.

తెలియక కొట్టారు, సరే. తెలిశాక ఒక్క మాట చెప్తే ఆయన సొమ్మేం పోయేది? అన్నేళ్లూ మా అయ్యని అబద్ధాలకోరనుకున్నాను.