స్కూలుకి నేను వేసిన మార్కులు

సీసాలో తెచ్చిన నీళ్ళు చూసి రొయ్యల చెరువు జాతకం చెప్పడం నా ఉద్యోగం. భీమవరంలో చిన్న ల్యాబు. పొద్దున్నే రైతులు కూల్‌డ్రింకు సీసాల్లో చెరువు నీళ్ళు పట్టుకుని వస్తారు. ఉప్పెంత ఉంది, అమ్మోనియా ఎంత ఉంది అని పరీక్ష చేసి, కాగితం మీద అంకెలు వేసి ఇస్తాను. ఆ కాగితం చూసి వాళ్ళు మేత తగ్గిస్తారు, నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లు తిప్పుతారు, ఒక్కోసారి రొయ్య ఎదక్కముందే పట్టుబడి చేసి అమ్మేస్తారు. ఏళ్ళ తరబడి ఇంతమంది నా అంకెలకి తలూపుతుంటే మనిషికి కాస్త తలకెక్కుతుంది. నాకు కాస్త కాదు, బాగానే ఎక్కింది. లోకంలో ఏ సంగతినైనా పది గడుల కాగితంలో పట్టేయొచ్చని గట్టి నమ్మకం కుదిరింది.

మా అమ్మాయి చదివిన స్కూలు మా వీధి చివరే ఉంది. అయితే అందులో ఐదో క్లాసు దాకే ఉంది. ఆరు నుంచి ఎక్కడ వేయాలన్నది ప్రశ్న. స్కూలు మంచిచెడ్డలు తేల్చడానికి ఈ జిల్లాలో నాకంటే అర్హుడు లేడనుకుని, ఎవరూ అడక్కుండానే ఆ పని నెత్తిన వేసుకున్నాను.

మా ఆవిడ మాత్రం వేరే మాట అంది.

"స్కూలు సంగతి తర్వాతండి. అది లెక్కల్లో ఎక్కడో ఆగిపోయిందని నాకనిపిస్తోందండి. మార్కులు వస్తున్నాయి గానీ పుస్తకం తీసేసరికి దాని మొహం మారిపోతోంది. ఎక్కడాగిందో కనిపెట్టేవాళ్ళుంటే అక్కడ వేద్దాం."

నాకు ఒళ్ళు మండింది. రోజూ సాయంత్రం పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు చెబుతున్నది ఎవరు? నేను. నేను చెప్పే ప్రతి మెట్టుకీ అది "ఆయ్" అంటుంది. "ఆగిపోతే ఆయ్ అంటుందేంటి?" అని గట్టిగా అడిగాను. మా ఆవిడ ఊరుకుంది. ఆవిడ ఊరుకుంటే నేను గెలిచినట్టని అప్పట్లో నా లెక్క.

మా వైపు వాళ్ళకి ఈ ఆయ్ గురించి చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ళు ఏం చెప్పినా ముందు ఆయ్ అనాలి. మా ఇళ్ళల్లో పిల్లలకి అమ్మ, నాన్నల తర్వాత వచ్చే మాట అదే. అవునన్నా ఆయే, వింటున్నానన్నా ఆయే, సరే తమరి ఇష్టమన్నా ఆయే. మా మేనమామ ఒకాయన ఫోన్లో అరగంట సేపు ఆయ్ తప్ప ఇంకో మాట లేకుండా మాట్లాడి, పెట్టేశాక "ఎవరో తెలీలేదురా" అన్నారు. ఇంత తెలిసినవాణ్ణి, నా కూతురి ఆయ్‌కి మాత్రం అర్థమైందనే అర్థం ఒక్కటే ఉందనుకున్నాను.

సరే, పది గడులు గీశాను. భవనం, ఆటస్థలం, మరుగుదొడ్లు, తాగునీరు, క్రమశిక్షణ, ఇంగ్లీషు, ఇలా గడికి పది మార్కులు. పాఠం పిల్లలకి ఎంతవరకు అర్థమవుతోంది అన్నదానికి కూడా ఒక గడి పెట్టాను. ఆ గడి చూసుకుని నన్ను నేనే మెచ్చుకున్నాను. తాగునీటి గడి కోసం ల్యాబు నుంచి శుభ్రమైన సీసాలు రెండు జేబులో వేసుకున్నాను. నవ్వకండి, నేను నిజంగానే వేసుకున్నాను.

మొదట బైపాస్ రోడ్డు మీదున్న పెద్ద స్కూలుకి వెళ్ళాం, నేనూ మా అమ్మాయీ. గేటు దగ్గర సెల్యూట్, లోపల ఏసీ, సోఫా. కోటు వేసుకున్న ఒకావిడ స్కూలంతా తిప్పి చూపించింది. ప్రతి గదిలో గోడంత డిజిటల్ బోర్డు. మేం ఒక ఆరో క్లాసు గుమ్మంలో నిలబడితే, లోపల లెక్కల సారు బోర్డు మీద వేలితో ఏదో తోసి "అండర్‌స్టుడ్?" అన్నారు. నలభైమంది ఒక్క గొంతుతో "ఎస్ సార్!" అన్నారు. నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఒక్క పిల్లా తడబడలేదు, ఒక్కడూ పక్కకి చూడలేదు. గుమ్మంలోనే కాగితం తీసి అర్థమయ్యే గడిలో పదికి పది వేసేశాను.

"పాప ఏ సబ్జెక్టులోనైనా వీకా అండి?" అని అడిగింది కోటావిడ.

"ఏ సబ్జెక్టులోనూ కాదండి," అన్నాను. మా అమ్మాయి నా వెనకాల నిలబడి గోడ మీద ర్యాంకుల ఫోటోలు చూస్తోంది. అది చూస్తోందనే అనుకున్నాను.

రెండోది మా పక్క ఊళ్ళో పంట కాలవ ఒడ్డున ఉన్న ఎయిడెడ్ స్కూలు. జీతాలు గవర్నమెంటువి, నడిపేది ఊరి పెద్దల కమిటీ. ఆరు, ఏడు, ఎనిమిది, మూడే క్లాసులు. పెంకుటిల్లు లాంటి పాత భవనం, సున్నం రాలుతోంది. ఇక్కడికి రావాలన్నది మా ఆవిడ పట్టు. నేను మాత్రం పెద్ద స్కూలు మార్కులు ఇంకా బాగా కనిపిస్తాయని వచ్చాను.

వెళ్ళగానే కుళాయి దగ్గర వంగి సీసా నింపుతున్నాను. వెనక నుంచి "దాహంగా ఉందాండీ? గ్లాసు తెప్పించమంటారా?" అని వినిపించింది. తిరిగి చూస్తే చేతినిండా సుద్ద మరకలతో హెడ్‌మిస్ట్రెస్ గారు. మా వైపు పెద్ద టీచరు గారంటారు. సీసా దాచబోయి చొక్కా తడుపుకున్నాను. సంగతి చెప్పక తప్పలేదు. ఆవిడ నవ్వలేదు. "మంచిపనండి. రిపోర్టు మాక్కూడా ఇవ్వండి, కమిటీ వాళ్ళకి చూపిస్తాను," అని, ఆరో క్లాసుకి లెక్కలు చెప్పడానికి వెళుతూ మమ్మల్ని కూడా వచ్చి చివరి బెంచీలో కూర్చోమన్నారు.

ఆ రోజు పాఠం భిన్నాలు. మూడో వంతుకి పావు కలపాలి. ఆవిడ నాలుగు వరసలు రాసి, వెనక్కి తిరిగి, "ఏవండీ, అర్థమైందాండీ?" అన్నారు. పిల్లల్ని 'మీరు' అని పిలుస్తున్నారు. వెంటనే క్రమశిక్షణ గడిలో మార్కులు కోశాను.

క్లాసులో ఎవరో "ఆయ్" అన్నారు.

"ఎవరిదండి ఆ ఆయ్? అర్థమైందనా, ఇంక ఆపమనా?" అన్నారావిడ. క్లాసంతా గొల్లున నవ్వింది. "ఇక్కడ ఆయ్ చెల్లదని చెప్పాను కదా. గండి ఎక్కడ పడిందో చెప్పండి."

కాలవగట్టు తెగి నీళ్ళు పక్కకి పోవడాన్ని గండి పడడం అంటాం. ఆ ఊళ్ళో పిల్లలు గండ్లు చూస్తూ పెరిగినవాళ్ళు. ఒకమ్మాయి లేచి "రెండో వరసలో పడిందండీ" అంది. ఇంకొకడు "నాకు మూడో దాంట్లోనండీ" అన్నాడు. ఒక్కొక్కరూ లేచి, ఏదో ఘనకార్యం చేసినట్టు, తమకి తెలియని చోటు వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టారు. ఆవిడ బోర్డు మీద ఆ వరస పక్కన చిన్న గీత గీసి, అక్కడి నుంచి మళ్ళీ చెబుతున్నారు. నేను గీతలు లెక్కపెట్టాను. పదకొండు. నా కాగితం మీద శ్రద్ధగా ఇలా రాసుకున్నాను: "పాఠం పిల్లలకి అర్థం కావడం లేదు. పదికి రెండు." ఆ రెండు కూడా జాలిపడి వేసినవి.

ఇంతలో ఆవిడ చివరి బెంచీ దాకా వచ్చారు.

"మీకెక్కడ పడిందండీ?" అన్నారు మా అమ్మాయిని చూసి.

"మా అమ్మాయికి ఇవన్నీ వచ్చండి. నేనే చెప్పాను ఇంట్లో," అన్నాను నేను.

"అలాగాండీ. అయితే మీరు చెప్పండి, మూడో వంతుకీ పావుకీ కింద పన్నెండు ఎందుకు తెచ్చాం?"

ముప్పై మొహాలు నా వైపు తిరిగాయి. "అది రూలండి," అన్నాను.

"రూలెందుకు పెట్టారండీ?"

ఇరవై ఏళ్ళుగా అంకెలతో బతుకుతున్నవాణ్ణి, బోర్డు మీద వరసల్లో జవాబు వెతుక్కున్నాను. ఒక పిల్ల జాలిగా "అక్కడ పడిందాండీ గండి?" అని నన్నే అడిగింది. క్లాసు మళ్ళీ నవ్వింది. ఆ నవ్వులో మా అమ్మాయి లేచి నిలబడింది.

"నాకు మొదట్లోనే పడిందండీ," అంది. "కింద అంకె పెద్దదైతే ముక్క చిన్నదెందుకవుతుందో నాకు తెలీదండీ."

అది మూడో క్లాసులో చెప్పేది. దాని మీద కట్టిన మేడ అంతా నేను కట్టిందే. కసాగు, గసాభా, దశాంశాలు, శాతాలు, అన్నీ రోజూ సాయంత్రం కడుతూ వచ్చాను. టీచరు గారు ఆశ్చర్యపోలేదు. "చాలా మంచి చోట పడిందండీ, రేపొస్తే అక్కడి నుంచే మొదలుపెడదాం," అన్నారు. నాకు మాత్రం నడిబజార్లో పంచె జారినట్టయింది.

బండి మీద ఇంటికి వస్తూ దారంతా తిట్టాను. తెలియకపోతే నన్నడగొచ్చు కదా, ఊరివాళ్ళందరి ముందు చెప్పాలా, నేనేమన్నా పరాయివాణ్ణా అని. వెనక సీటు మీద నుంచి ఒక్కోదానికీ ఒక ఆయ్ వచ్చింది. ఇంటికి రాగానే గడుల్లో మార్కులన్నీ కూడి చూశాను. పెద్ద స్కూలుకి తొంభై ఒకటి, కాలవ స్కూలుకి ముప్పై ఎనిమిది. కాగితం మా ఆవిడ ముందు పెట్టి, పెద్ద స్కూలే ఖాయమన్నాను. పిల్లకి ఆ చిన్న సంగతి నేనే ఒక్క సాయంత్రంలో చెప్పేస్తానన్నాను. ఆవిడ ఊరుకుంది.

మర్నాడు సాయంత్రం మా ఆవిడ మూకుట్లో దిబ్బరొట్టి వేసింది. అరచెయ్యి మందాన, గుండ్రంగా, చుట్టూ ఎర్రగా కాలి ఉంది. భిన్నాలకి ఇంతకంటే ఏం కావాలనుకుని, చాకు పట్టుకుని మా అమ్మాయిని పిలిచాను. ఒక రొట్టి మూడు ముక్కలు చేశాను. ఇంకోటి నాలుగు చేశాను. "చూడమ్మా, ఎంత ఎక్కువమందికి పంచితే ముక్క అంత చిన్నది. తెలిసిందా?"

అది రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూసింది. మొహంలో ఏదో వెలిగినట్టు కనిపించింది. "అయితే నాన్నగారండి, ఈ రెండూ కలిపితే ఏడో వంతు ఎందుకు కాదండీ?" అంది.

చెప్పాను. "ఇక్కడ గండి పడిందండీ" అంది మెల్లగా. మళ్ళీ చెప్పాను. ఇంకా తల అడ్డంగా ఊపింది. మూడోసారి చెబుతుంటే నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "ఇంత విడమరచి చెబుతున్నా ఎక్కడమ్మా నీ బుర్ర?" అన్నాను. చాకు పళ్ళెం మీద టప్పున పెట్టాను.

"ఆయ్. అర్థమైందండి," అంది.

ఆ మాట రావడం నేను కళ్ళారా చూశాను. ముందు భుజాలు దగ్గరకి వచ్చాయి, తర్వాత చూపు నా చేతి మీదకి వెళ్ళింది, ఆ తర్వాత ఆయ్ వచ్చింది. ఆ మొహం నాకు కొత్త కాదు. రోజూ సాయంత్రం చూస్తున్నదే. శ్రద్ధగా వింటున్న పిల్ల మొహం అదేనని ఇన్నాళ్ళూ మురిసిపోయాను.

"నిజంగా అర్థమైందా అమ్మా?" అని అడిగాను. వీలైనంత చిన్నగా అడిగాను.

"లేదండి."

"మరి ఆయ్ అన్నావేంటి?"

"అంటే మీరు కోప్పడడం ఆపేస్తారండి," అంది. ఏ ఫిర్యాదూ లేదు ఆ గొంతులో. స్విచ్చి వేస్తే లైటు వెలుగుతుందని చెప్పినట్టు చెప్పింది.

ఎప్పటి నుంచి అని అడగబోయి మానేశాను. గండి ఎక్కడ పడిందో నిన్ననే చెప్పింది కదా, అక్కడి నుంచే. సిగ్గేసింది. పేరున్న రిపోర్టులు రాసేవాణ్ణి, నా ఇంట్లో ఒక్క నమూనా సరిగ్గా తీయలేకపోయాను. మా ఆవిడ తొంభై ఒకటి వేసిన కాగితం తీసి, జిడ్డు మూకుడు కింద పరిచింది.

మర్నాడు ముగ్గురం కాలవ స్కూలుకి వెళ్ళాం. టీచరు గారు పేరు, పుట్టిన తేదీ రాసుకున్నారు. నేను నీళ్ళ రిపోర్టు ఇచ్చాను, నీళ్ళు బాగానే ఉన్నాయి. ఆవిడ చదివి, మడిచి, బల్ల సొరుగులో పెట్టుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి ఎంతో మర్యాదగా, "ఏమీ అనుకోనంటే ఒక మాటండి. ఓ మూడు నెలలపాటు ఇంట్లో లెక్కలు మీరు చెప్పకండి. ఆ పుస్తకం ముట్టుకోనే ముట్టుకోకండి," అన్నారు.

అలాగేనండి అన్నాను. అవమానంగా ఉన్నా నవ్వు మొహం పెట్టి అన్నాను. పక్కకి చూస్తే మా అమ్మాయి నా కంటే ముందే నవ్వుతోంది. ఇక ఆయ్‌లు చాలని ఎవరో సెలవిచ్చినట్టు, నేను చూస్తున్నానని తెలిసి కూడా, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది.