పువ్వుకోసారి లేవాలి

మా వీధికి మొదటి ఫోను వచ్చిన ఏడాదండి అది. మొగల్తూరులో మా ఆడవాళ్ళందరం అరుగుల మీద కూర్చుని లేసు అల్లేవాళ్ళం. మధ్యాహ్నమయ్యేసరికి నా తల చుట్టూ తడి తువ్వాలు మెలేసి బిగించినట్టుండేది. రోజూ నొప్పి బిళ్ళ మింగేదాన్ని. అయినా మర్నాడు మళ్ళీ అదే. తలలో గడ్డే లేచిందని నాకు నేనే తేల్చేసుకున్నాను. పిల్లలా చిన్నవాళ్ళు. నేను పోతే వాళ్ళకి జడలెవరు వేస్తారని ఒకటే దిగులు.

చివరికి మా తోటికోడలితో అన్నాను. "గడ్డా లేదు, గాడిదగుడ్డూ లేదు, పద అక్కా" అని నరసాపురం బస్సెక్కించేసింది.

డాక్టరుగారు పెద్దాయన. మందు రాసిస్తారనుకుంటే ప్రశ్నలు మొదలెట్టారు. "ఒకవైపే పోటు పెడుతుందా? వాంతులవుతాయా? చూపు మసకేస్తుందా? చెయ్యీ కాలూ తిమ్మిరెక్కుతాయా?" అన్నిటికీ లేదండీ అని, తలలో గడ్డేమోనన్న నా భయమూ చెప్పాను. కళ్ళలో లైటు వేసి చూశారు, బీపీ చూశారు. అప్పుడడిగారు, "రోజంతా ఏం పని చేస్తారమ్మా?"

నేను నోరు తెరిచేలోపే తోటికోడలు నా సంచిలోంచి లేసు తీసి బల్ల మీద పెట్టేసింది.

"ఏదీ, అల్లండి" అన్నారాయన.

డాక్టరు ముందు లేసు అల్లడం! సిగ్గుపడుతూ మొదలెట్టి పనిలో పడిపోయాను.

"ఆగండి! కదలకండి."

చూసుకుంటే భుజాలు చెవుల దాకా లేచున్నాయి, పళ్ళు బిగుసుకున్నాయి, గడ్డం గుండెకి ఆనింది. ఆయన వచ్చి మెడ వెనక వేలితో నొక్కారు.

"అమ్మో! ఇదేనండీ, నా నొప్పి ఇదే!" అని అరిచేశాను.

"గడ్డ లక్షణాలేవీ లేవమ్మా. కండరాలు బిగిసిపోయాయి. దానికి తోడు రోజూ మింగే బిళ్ళలే నొప్పిని మళ్ళీ తెస్తున్నాయి. అవి మానెయ్యండి. మానిన కొత్తలో నొప్పి ఎక్కువవుతుంది, భయపడొద్దు. నొప్పి తీరు మారితే మాత్రం వెంటనే రండి."

మెడకి వేడినీళ్ళ గుడ్డ వేసుకోమన్నారు. ఒళ్ళో దిండు పెట్టుకుని దాని మీద అల్లాలి. లేసులో ఒక పువ్వు పూర్తవగానే లేచి నాలుగడుగులు వెయ్యాలి. ఇంతే వైద్యం! బస్సులో దారంతా నేనే మాట్లాడాను.

"పువ్వుకోసారి వీధిలో ఈ ఊరేగింపేంటే?" అని వెక్కిరించింది అత్తగారు. మొదటి వారం నిజంగానే నరకం చూశాను. మూడో వారం ఓ మధ్యాహ్నం ఆకలేసి లోపలికెళ్ళాను, తల సంగతే గుర్తు లేదు! అన్నం ముందు కూర్చున్నాక గుర్తొచ్చి, ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చి అరుగు మీద అందరికీ చెప్పాను.

అత్తగారు లేసు పక్కన పెట్టింది. "ఏదీ, చెయ్యి కడుక్కుని నా మెడ ఓసారి నొక్కి చూడు."

నొక్కాను.

"అమ్మో!" అంది.

"లేవండత్తయ్యా," అన్నాను, "మీ పువ్వు పూర్తయ్యింది."