మూడో పేరు

పోలీసు యాక్షన్ జరిగిన ఏడు నాకు పదిహేనేళ్లు. మాది గొర్రెల మంద. నాయినతో పాటు నేనూ గుట్ట మీదికి మేపుకు వెళ్లేదాన్ని.

నిజాం సైన్యం లొంగిపోయిందన్న కబురు వచ్చిన నాలుగైదు రోజులకు, పొద్దున పూట, గుట్ట మీద నుంచి చూశాం. ముగ్గురు మనుషులు మా వాడలో దూదేకే సాయిబును, నేను చిన్నాయన వరసన చిచ్చ అని పిలిచే మనిషిని, పొలం గట్ల మీద ఈడ్చుకుంటూ తీసుకెళ్లి, పాడుబడ్డ బావిలోకి తోశారు. పైనుంచి రాళ్లు వేశారు. నేను అరవబోతే నాయిన నా నోరు మూశాడు.

చిచ్చ రజాకార్లతో కలిసినవాడు కాదు. వాళ్లు మా గడ్డివాము తగలబెట్టిన రోజు నాయినను తన దూది బస్తాల వెనక దాచినవాడు. కానీ ఆ ముగ్గురిలో ఒకడు అమ్మ తమ్ముడు. అతని అన్నను రజాకార్లు కాల్చి చంపారు. ఆ కసి, సాయిబైనందుకే, చిచ్చ మీద తీర్చుకున్నాడు. అతనికే నన్నిచ్చి చేయాలని అమ్మ ఆశ.

భర్త జాడ తెలియక చిచ్చ భార్య రోజూ మా దడి దగ్గరికి వచ్చేది. ఆమెను నేను చిన్నమ్మ అనేదాన్ని.

"అన్నా, నీ మంద గుట్ట మీదనే ఉండె గద. ఏమన్న జూసినవా?"

"లేదు చెల్లె. అవుతలి దిక్కు మేపుతుంటి."

ఆమె వెళ్లాక నాయిన అన్నం ముందు కూర్చునేవాడు, ముద్ద కలిపేవాడు, లేచిపోయేవాడు. నాకూ ఇంట్లో కాలు నిలిచేది కాదు. నీళ్లకని పోయి ఖాళీ కుండతో తిరిగొచ్చేదాన్ని.

కొన్నాళ్లకు ఆలేరు బంగ్లాలో ఒక అధికారి ఫిర్యాదులు వింటున్నాడని తెలిసింది. పటేలు ఇల్లిల్లూ తిరిగాడు. "బయటోళ్లొచ్చి జేసిన్రని చెప్పున్రి. గంతే."

మర్నాడు నాయిన గొంగడి భుజాన వేసుకుని, "నడువు బిడ్డా" అన్నాడు. నేరుగా చిచ్చ వాకిట్లోకి వెళ్లాడు.

"చెల్లె, అబద్ధమాడిన. నేను జూసిన."

ఆమె ఉన్నచోటే కూలబడింది. ఏడవలేదు. కాసేపటికి లేచి, జుట్టు ముడేసుకుని మా వెంట నడిచింది.

బంగ్లాలో గుమాస్తా ఉర్దూలో రాసుకుంటున్నాడు. నాయిన బావి సంగతి, రాళ్ల సంగతి అంతా చెప్పాడు. పేర్లు అడిగితే రెండు చెప్పి ఆగాడు.

"ఇద్దరేనా?"

"ఇద్దరే."

చిన్నమ్మ నాయిన వంక కృతజ్ఞతగా చూసింది. ఆ చూపు నేను ఓర్చుకోలేకపోయాను.

"ముగ్గురు," అన్నాను. "ఇంకొకాయన మా మేనమామ." పేరు కూడా చెప్పాను.

నాయిన నా వైపు తిరిగాడు. కొడతాడనుకున్నాను. నాయిన తల వంచుకుని, "అవ్ సారూ, ముగ్గురే" అని, బొటనవేలు సిరాలో అద్దాడు.

మరుసటి వారం పోలీసులు మోకులు తెచ్చారు. బావిలోకి దిగడానికి ఊళ్లో ఎవరూ రాలేదు. నాయినే దిగి, మిగిలినదాన్ని తన గొంగడిలో చుట్టి పైకి తెచ్చాడు. అంగీకి తను వేసిన మాసికను చూసి చిన్నమ్మ గుర్తుపట్టింది. ఆలేరు నుంచి నలుగురు వచ్చి నమాజు చదివి మట్టి చేశారు.

ముగ్గురినీ పట్టుకుపోయారు. ఎండాకాలం రాకముందే సాక్ష్యం చాలదని వదిలేశారు. ఆ ఏడు ఎరువుకోసం తమ చేలల్లో మంద పెట్టమని మమ్మల్ని ఒక్కరూ పిలవలేదు. అమ్మ నాకు అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. తన తమ్ముడు విడుదలై వచ్చిన రోజు మాత్రం వాకిట్లో కూర్చుని గట్టిగా ఏడ్చింది.

చిన్నమ్మ పట్నంలో ఉన్న చెల్లెలింటికి పోతుంటే, ఆలేరు స్టేషన్ దాకా సాగనంపాం. రైలెక్కుతూ నా చెంపలు నిమిరింది.

"వాళ్లకేం గాలే బిడ్డా. గాని ఆయనకు పిడికెడు మన్నన్న దక్కింది."

తిరిగి ఊరి దారి పట్టాం. సగం దారిలో నేను అడిగాను.

"నేను నోరు దెరవకపోతే, నాయినా, నువ్వు చెప్పేటోనివేనా?"

నాయిన నడక ఆపలేదు.

"ఏమో బిడ్డా. గదే ఎరకైతలేదు."